వ్యసనము: దోషమా, రోగమా?

మన పూర్వులు మనిషిని చెరిచే అలవాట్లను ఏడింటిని ఎంచి వాటికి సప్తవ్యసనములని పేరు పెట్టినారు. వేట, జూదము, పానము, స్త్రీలోలత, పరుషముగా మాట్లాడుట, కఠినముగా దండించుట, ధనమును వృథా చేయుట - ఇవి ఆ ఏడు. ఈ పట్టికను ముఖ్యముగా రాజులను దృష్టిలో ఉంచుకొని కూర్చినారు. రాజు చెడితే రాజ్యము చెడుతుందని వారి భయము. ఈనాడు రాజులు లేరు. కాని ప్రతి ఇల్లూ ఒక చిన్న రాజ్యమే. ఆ ఇంటికి నాలుగు డబ్బులు తెచ్చిపెట్టే మనిషి చెడినప్పుడు ఆ రాజ్యము పడే కష్టము పాత రాజ్యములు పడిన కష్టమునకు ఏమాత్రము తీసిపోదు.

వ్యసనమనే సంస్కృత పదములో విసరివేయుట, చెదరగొట్టుట అనే అర్థము ఇమిడి ఉన్నది. మనిషిని అతడున్న చోటునుండి ఎత్తి విసరివేసేది వ్యసనము. తండ్రిని తండ్రి స్థానమునుండి, కొడుకును కొడుకు స్థానమునుండి, పనివానిని అతని పనినుండి అది విసరివేస్తుంది. భారతములో శుక్రాచార్యుని కథ మనలో చాలమందికి తెలిసినదే. చచ్చినవారిని బ్రతికించే మృతసంజీవని తెలిసిన మహాజ్ఞాని ఆయన. రాక్షసులు కచుని చంపి, కాల్చి, ఆ బూడిదను మద్యములో కలిపి ఆయనచేతికే ఇచ్చినారు. ఆయన త్రాగినాడు. అంతటి విద్య ఉండికూడ, తన పాత్రలో ఏమున్నదో ఆయనకు తెలియలేదు. తెలిసిన తరువాత, ఇకమీదట ఎవరూ మద్యము ముట్టరాదని ఆయన కట్టడి చేసినాడు. విద్యావంతుడు, వివేకవంతుడు వ్యసనమునకు లొంగడనే నమ్మకము ఎంత బలహీనమైనదో ఈ కథ చెపుతున్నది.

అయితే మనము ఈ ప్రసంగములో విచారించదలచిన ప్రశ్న మరొకటి. వ్యసనపరుని చూచినప్పుడు మన నోట వచ్చే మొదటి మాట ఏమి? "వాడికి బుద్ధి లేదు" అంటాము. అనగా అది దోషమని తీర్మానించినాము. దోషమైతే దానికి తగినది దండన. రోగమైతే దానికి తగినది చికిత్స. ఈ రెండింటిలో ఏది నిజమనే దానిమీద ఒక కుటుంబము నిలుచుటయో కూలుటయో ఆధారపడి ఉన్నది. కాబట్టి ఇది పండితుల చర్చ కాదు, ఇంటింటి సమస్య.

నంద్యాల, ఆళ్లగడ్డ ప్రాంతమును ఉదాహరణగా తీసికొందాము. 2022 ఏప్రిల్ 4వ తేదీన కర్నూలు జిల్లానుండి విడివడి నంద్యాల జిల్లా ఏర్పడినది. ఒకవైపు నల్లమల కొండలు, నడుమ కుందూ నది, కర్నూలు-కడప కాలువ నీటితో పండే పొలములు, ఇంకొకవైపు నల్లరేగడి భూములు. మహానంది, అహోబిలము వంటి పుణ్యక్షేత్రములున్నవి. ఆళ్లగడ్డ శిల్పుల చేతిలో రూపుదిద్దుకొన్న విగ్రహములు దూరదేశముల దేవాలయములకు కూడ వెళ్లుతున్నవి. కర్నూలునుండి కడపకు పోయే 40వ నంబరు జాతీయ రహదారి ఈ రెండు పట్టణములమీదుగానే సాగుతున్నది. శ్రమను, భక్తిని, కళను నమ్ముకొన్న సీమ ఇది. ఇటువంటి సీమకు కూడ మత్తు నాలుగు దారులలో వస్తున్నది.

మొదటి దారి పొలమునుండి. నంద్యాల నల్లరేగడిలో పొగాకు పండించుట కొత్త కాదు. ఇక్కడి ప్రాంతీయ వ్యవసాయ పరిశోధన స్థానములో ఇతర పైరులతోపాటు బీడీ పొగాకుమీద కూడ పరిశోధనలు జరిగినవి. రెండవది బట్టీనుండి. బెల్లపు ఊట పెట్టి నాటుసారా కాచుట, ఎక్సైజువారు వచ్చి ఊట పారబోయుట, వారు వెళ్లగానే మరల కుండలు పొయ్యిమీదికి ఎక్కుట - ఇది రాయలసీమలో పాత కథ. మూడవది రహదారినుండి. తూర్పు కనుమలలో విశాఖ మన్యమున దొంగతనముగా పండిన గంజాయి బస్సులలో, లారీలలో, రైళ్లలో రాష్ట్రమంతటా ప్రయాణము చేస్తున్నది. 2021లో రాష్ట్ర పోలీసు శాఖ ఆపరేషన్ పరివర్తన పేరుతో ఆ మన్యములో వేల ఎకరముల గంజాయి తోటలను నరికివేయించినది. అయినను వ్యాపారము పూర్తిగా ఆగలేదు. నాలుగవ దారిని మనము దారిగానే గుర్తించము. అది మందుల అంగడినుండి వచ్చే దారి. నొప్పికి, దగ్గుకు, నిద్రకు డాక్టరు వ్రాసి ఇచ్చిన మందు, చీటీ గడువు తీరిన తరువాత కూడ ఇంటిలో మిగిలిపోయి, నొప్పి లేకుండానే నోటిలోనికి పోవుట మొదలగును.

ఈ నాలుగింటిలో గంజాయి ఒక్కటే భయంకరమైనదని, తక్కినవి మామూలు అలవాట్లని చాలమంది అభిప్రాయము. శరీరము అట్లు తలచదు. శరీరమునకు చట్టము తెలియదు, అంగడి లైసెన్సు తెలియదు. లోపలికి వచ్చిన పదార్థము తనను ఏమి చేస్తున్నదో అంతే తెలుసు.

అది ఎట్లు చేస్తున్నదో చూతము. మన మెదడులో సంతోషమునకు, కోరికకు సంబంధించిన ఒక ఏర్పాటు ఉన్నది. ఆకలితో ఉన్నవాడు అన్నము తిన్నప్పుడు, బిడ్డ నవ్వినప్పుడు, చేసిన పని చక్కగా కుదిరినప్పుడు అక్కడ డోపమిన్ అనే రసాయనము కొద్దిగా ఊరుతుంది. "ఇది మంచిది, మరల చేయుము" అని మెదడు తనకు తాను చెప్పుకొనే తీరు అది. మత్తు పదార్థము ఈ రసాయనమును ఒక్కసారిగా, మితిమీరి ఊరిస్తుంది. పొగాకులోని నికోటిన్ పొగ పీల్చిన పది, ఇరువది సెకండ్లలోనే మెదడును చేరుతుంది. ఇట్లు మాటిమాటికి జరిగితే మెదడు తన్ను తాను సర్దుకొని, ఆ వరదకు అలవాటుపడుతుంది. అప్పటినుండి అన్నము రుచించదు, బిడ్డ నవ్వు కదిలించదు. నిన్న ఒక గ్లాసు ఇచ్చిన మత్తు నేడు రెండు గ్లాసులు త్రాగితే గాని రాదు. త్రాగకపోతే బాధ. ఇక త్రాగుట సుఖము కొరకు కాదు. ఆ బాధ తప్పించుకొనుట కొరకు.

ఆళ్లగడ్డలో రాతిమీద ఉలి పెట్టిన ఒక శిల్పిని మనస్సులో ఊహించుకొందాము. దేవతామూర్తి కన్ను తీర్చవలెను. వెంట్రుకవాసి తప్పితే నెలల శ్రమ వృథా. అట్టివాడు పని అలసట తీరుటకని సాయంకాలము కొంచెము పుచ్చుకొనుట ప్రారంభించినాడనుకొందాము. కొన్ని సంవత్సరములు గడచినవి. ఉదయము లేవగానే చేయి వణుకుతున్నది. ఉలి నిలువదు. ఒక గ్లాసు త్రాగితే వణుకు ఆగినది, ఉలి నిలిచినది. "చూచినారా, ఇది నాకు మందువలె పనిచేస్తున్నది" అంటాడు. ఏది వణుకును పుట్టించినదో అదియే వణుకును ఆపుతున్నదని అతనికి తోచదు. ఆ ఉదయపు గ్లాసు కనబడిననాడే ఇంటివారు మేలుకొనవలెను. అది అలవాటు హద్దు దాటి రోగములో అడుగు పెట్టినదనుటకు స్పష్టమైన గుర్తు. ఈ మనిషికి బుద్ధి చెపితే చేయి వణుకు ఆగదు. జ్వరమువచ్చినవానికి నీతిపద్యములు చదివినంత ప్రయోజనమే దానివలన కలుగుతుంది.

రాతిపనివారి విషయములో ఇంకొక మాట కూడ చెప్పవలెను. రాయి చెక్కినప్పుడు లేచే సన్నని ధూళి ఊపిరితిత్తులను గట్టిపరచి సిలికోసిస్ అనే వ్యాధిని కలిగిస్తుంది. ఆ ధూళి పీల్చేవాడు బీడీ కూడ కాల్చితే ఒక అపాయమునకు మరొక అపాయము తోడైనట్లే. పొగాకు పొలములో పనిచేసేవారికి కూడ తెలియని చిక్కు ఒకటి ఉన్నది. మంచుతోగాని వానతోగాని తడిసిన పచ్చి ఆకును ఒట్టిచేతులతో కోసినప్పుడు నికోటిన్ చర్మమునుండి లోపలికి దిగుతుంది. తల తిరుగుట, వాంతులు, నీరసము కలుగుతవి. జీవితములో చుట్ట ముట్టని కూలిమనిషికి, కడుపుతో ఉన్న స్త్రీకి కూడ ఈ బాధ తప్పదు.

ఇక ఒక్కొక్క పదార్థము సంగతి. మన దేశములో పొగాకువలన ఏటేట సుమారు 13 లక్షలమంది మరణిస్తున్నారు. గుట్కా, ఖైనీ నమిలేవారిలో నోరు క్రమముగా తెరచుకొనక బిగిసిపోవుట, ఆపైన నోటి క్యాన్సరు వచ్చుట డాక్టర్లు ప్రతిదినము చూస్తున్నదే. నోటిలో మానని పుండు, తెల్లని మచ్చ, కారము తగిలితే భరించరాని మంట కనిపించినప్పుడు జాగు చేయరాదు.

సారాలో రెండు విషములున్నవి. ఒకటి అందరికి తెలిసిన మద్యసారము. కాలేయమును, నరములను, సంసారమును మెల్లమెల్లగా తినివేసేది. రెండవది మిథైల్ ఆల్కహాలు. మత్తు హెచ్చుటకో, ఖర్చు తగ్గుటకో కల్తీ చేసిన సరుకులో ఇది చేరుతుంది. రంగులో, వాసనలో తేడా తెలియదు. కొద్ది మోతాదే చూపును శాశ్వతముగా పోగొట్టగలదు. మరికొంత అయితే ప్రాణము తీయగలదు. త్రాగిన కొన్ని గంటలకు చూపు మసకబారి, కడుపునొప్పి, ఆయాసము వస్తే అది మామూలు కైపు కాదు. వెంటనే ఆసుపత్రికి తరలించవలెను. సమయములో చేరితే దీనికి విరుగుడు ఉన్నది. శుక్రాచార్యునివలెనే నేటి సారాదుకాణములో కూర్చున్నవానికి కూడ తన పాత్రలో ఏమున్నదో తెలియదు.

గంజాయి చెట్టు ఆకే గదా, దానివలన హాని ఏమి అని యువకులు వాదిస్తారు. ఉమ్మెత్త కూడ చెట్టే. గంజాయి త్రాగేవారిలో సుమారు పదిమందికి ఒకరు దానికి బానిసలగుదురని, పసితనముననే మొదలుపెట్టినవారిలో ఆరుగురికి ఒకరు అట్లగుదురని పరిశోధకుల అంచనా. మెదడు ఎదుగుదల ఇరువదియైదేండ్లవరకు సాగుతుంది గనుక ఆలోపల అలవాటైనవారికి జ్ఞాపకశక్తి, చదువుమీద ధ్యాస దెబ్బతింటవి. కొందరిలో లేనిది వినిపించుట, ఎవరో తమను వెంటాడుతున్నారనే భ్రమ వంటి తీవ్రమైన మానసిక వ్యాధి బయటపడుతుంది. ఇంకను చిన్నపిల్లలు కొందరు పంక్చరు బిళ్లలు అతికించే జిగురును, వ్రాత చెరిపే ద్రవమును పీల్చుచున్నారు. ఈ ఆవిరి మొదటిసారి పీల్చినప్పుడే గుండె ఆగిపోయిన సందర్భములున్నవి.

మందుబిళ్లల సంగతికి చరిత్రలో ఒక నిదర్శనము ఉన్నది. ఈనాడు ప్రపంచమంతా భయపడే హెరాయిన్ 1898లో జర్మనీ దేశపు మందుల కంపెనీ దగ్గుమందుగా అమ్మిన సరుకు. మార్ఫీనువలె అలవాటు చేయదని అప్పుడు నమ్మినారు. కావున మందుల అంగడిలో దొరికినంతమాత్రమున ఏదియు నిరపాయము కాదు. కోడీన్ కలిసిన దగ్గుమందులు, ట్రమడాల్ వంటి నొప్పిబిళ్లలు, నిద్రబిళ్లలు డాక్టరు చెప్పినన్ని దినములకు మించి వాడరాదు. వీటిని మద్యముతో కలిపి తీసికొన్నవారు నిద్రలోనే శ్వాస ఆగి మరణించుట కలదు.

ఈ ఉపద్రవమును అరికట్టుటకు మన రాష్ట్రము చేసిన ప్రయత్నముల చరిత్ర కూడ తెలిసికొనదగినది. దానిలో ఒక ముఖ్యఘట్టము నంద్యాలకు దగ్గరలోని కర్నూలులోనే జరిగినది. ఉమ్మడి మద్రాసు రాష్ట్రములో 1937లో సేలము జిల్లాలో ప్రారంభమైన మద్యనిషేధము 1948 నాటికి రాష్ట్రమంతటా అమలులోనికి వచ్చినది. 1953లో కర్నూలు రాజధానిగా ఆంధ్రరాష్ట్రము ఏర్పడినప్పుడు నిషేధమును కొనసాగించవలెనా, వద్దా అని విచారించుటకు రామమూర్తి కమిటీని నియమించినారు. దొంగసారా పెరిగినదని, నిషేధమును ఎత్తివేయుట మేలని ఆ కమిటీ సూచించినది. ఈ వివాదముమీదనే 1954 నవంబరులో టంగుటూరి ప్రకాశం పంతులుగారి ప్రభుత్వము ఒకే ఒక్క ఓటు తేడాతో పడిపోయినది. మద్యపు ప్రశ్న ఒక ప్రభుత్వమును దించివేయగలిగినదంటే అది ఎంత బరువైన ప్రశ్నయో ఊహించవచ్చును.

ఆ తరువాత నిషేధము సడలినది, సారా వేలముపాటలు వచ్చినవి. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో అక్షరములు నేర్చుకొన్న స్త్రీలు తమ ఊరి సారాదుకాణమును మూయించినారు. ఆ ఉద్యమములో దూబగుంట రోశమ్మగారి పేరు రాష్ట్రమంతటా మారుమ్రోగినది. సారావలన ఎక్కువ నష్టపడినది త్రాగినవాడు కాదు, త్రాగనిది అతని భార్య అని ఆ స్త్రీలు లోకమునకు చూపినారు. ఫలితముగా కోట్ల విజయభాస్కరరెడ్డిగారు ముఖ్యమంత్రిగా ఉండగా 1993 అక్టోబరు 1నుండి రాష్ట్రములో సారా నిషిద్ధమైనది. ఆయన కర్నూలు జిల్లావారే. 1995 జనవరిలో నందమూరి తారక రామారావుగారి ప్రభుత్వము సంపూర్ణ మద్యనిషేధమును అమలు పరచినది. 1997లో దానిని ఎత్తివేసినారు.

ఈ చరిత్రనుండి మనము నేర్వవలసినది ఏమి? నిషేధములు వ్యర్థమని కాదు. దుకాణము మూతపడిన ఊళ్లలో కూలిడబ్బులు ఇంటికి చేరినవని ఆ స్త్రీలే చెప్పినారు. కాని అంగడి తలుపు మూసినప్పుడు, అప్పటికే వణుకుపట్టిన చేతికి ఏమి ఉపాయము అనే ప్రశ్నకు తగినంత జవాబు ఏ కాలములోను దొరకలేదు. ఆ చేయి నాటుసారా కొరకు, పొరుగురాష్ట్రపు సీసా కొరకు, బిళ్లల కొరకు చాచబడినది. సరుకును ఆపుట సగము పని. మనిషిని బాగుచేయుట మిగిలిన సగము. రెండవ సగమును ఏ సభలోను ఓటువేసి సాధించలేము. అది ఇంటిలో ప్రారంభము కావలెను.

చట్టము ఈ విషయములో ఏమి చెపుతున్నదో తెలిసికొనుట అవసరము. 1985లో వచ్చిన మాదకద్రవ్యముల చట్టము ఇరువది కిలోలకు మించిన గంజాయితో పట్టుబడినవానికి పదేండ్లకు తక్కువగాని శిక్షను, లక్షకు తక్కువగాని జరిమానాను విధిస్తున్నది. వేసవి సెలవులలో ఒక సంచి ఫలానా ఊరిలో ఇచ్చిరమ్మని, వేయి రూపాయలు ఇస్తామని చెప్పిన మాట నమ్మి బస్సెక్కిన విద్యార్థి, చదువు పూర్తిచేయవలసిన వయస్సును జైలులో గడపవలసి వస్తుంది. పిల్లవానికి కొత్త స్నేహితులు, కారణము తెలియని డబ్బు కనిపించినప్పుడు తలిదండ్రులు ఈ సంగతి మనస్సులో ఉంచుకొనవలెను. పిల్లలకు మద్యముగాని, పొగాకుగాని, మత్తుపదార్థముగాని ఇచ్చినవారికి 2015నాటి బాలల న్యాయచట్టము ఏడేండ్లవరకు కఠిన కారాగారశిక్షను నిర్ణయించినది. నాయనా, అంగడికి పోయి ఒక బీడీకట్ట పట్టుకొని రమ్మని పిల్లవానిని పంపే తాతగారు కూడ ఒకసారి ఆలోచింపవలెను.

కాని అదే 1985నాటి చట్టములో చాలమందికి తెలియని ద్వారము ఒకటి తెరచి ఉన్నది. దాని 64ఎ సెక్షను ప్రకారము, మత్తుకు అలవాటుపడి, సేవించిన నేరముమీదగాని కొద్దిపాటి పరిమాణమునకు సంబంధించిన నేరముమీదగాని ఆరోపణకు గురియైనవాడు తనంత తాను ప్రభుత్వ గుర్తింపు పొందిన చోట చికిత్సకు చేరి, దానిని పూర్తిచేసికొన్నచో అతనిమీద విచారణ ఉండదు. అనగా చట్టమే అమ్మేవానికి, అలవాటుపడినవానికి తేడా చూపినది. 2017నాటి మానసిక ఆరోగ్య చట్టము మద్యము, మాదకద్రవ్యముల దుర్వినియోగమునకు సంబంధించిన స్థితిని మానసిక వ్యాధుల లెక్కలోనే చేర్చినది. దోషమా, రోగమా అన్న ప్రశ్నకు దేశపు చట్టము ఇచ్చిన జవాబు ఇది. ఇంకను ఆ జవాబు మన వీధులకు చేరలేదు.

చేరలేదనుటకు ఒక లెక్క సాక్ష్యము చెపుతున్నది. ఢిల్లీలోని అఖిల భారత వైద్య విజ్ఞాన సంస్థవారు జరిపిన దేశవ్యాప్తమైన సర్వే 2019లో వెలువడినది. దాని ప్రకారము మన దేశములో సుమారు 16 కోట్లమంది మద్యము సేవిస్తున్నారు. వారిలో 5 కోట్ల 70 లక్షలమందికి, అనగా మూడింట ఒకవంతుకు మించినవారికి, ఆ అలవాటునుండి బయటపడుటకు సహాయము అవసరము. మద్యమునకు బానిసలైనవారిలో 38 మందికి ఒకరు మాత్రమే ఏదో ఒక చికిత్స పొందినారు. తక్కిన ముప్పది యేడుగురు ఎక్కడ ఉన్నారు? వారు మన ఇండ్లలోనే ఉన్నారు. నలుగురికి తెలిస్తే ఆడపిల్ల పెండ్లి ఆగుతుందని, పరువు పోతుందని తలుపు వేసికొని ఉన్నారు.

తలుపు వేసికొన్న ఇంటిలో జరిగే పొరపాట్లు మూడు, నాలుగు ఉన్నవి. వాటిని వివరముగా చెప్పుట మంచిది.

మొదటిది, పెండ్లి చేస్తే దారికి వస్తాడనే నమ్మకము. ఏ డాక్టరూ మద్యవ్యసనమునకు పెండ్లిని మందుగా వ్రాయలేదు. రోగము తగ్గదు సరిగదా, రోగిని మోసే భారము ఏమీ ఎరుగని ఒక పిల్ల నెత్తిన పడుతుంది. ముందు చికిత్స, తరువాత శుభలేఖ.

రెండవది, తెలియకుండ అన్నములోనో, కాఫీలోనో మందు కలిపి పెట్టుట. త్రాగుడు మాన్పించే పొడులని ప్రకటనలు చూచి తెప్పించేవారు ఉన్నారు. అట్టి కొన్ని మందులు లోపల ఉండగా మద్యము తాకితే రక్తపుపోటు పడిపోయి, గుండెకే ముప్పు రావచ్చును. డాక్టరు పర్యవేక్షణ లేకుండా, రోగికి చెప్పకుండా ఇవ్వరాదు.

మూడవది, కోపముతోగాని ఒట్టువేయించిగాని ఒక్కసారిగా మాన్పించుట. మాల వేసికొన్న దినములలో మానివేసినవారిని మనము చూస్తూనే ఉన్నాము. దృఢమైన సంకల్పము గొప్పదే. అయితే చాల ఏండ్లుగా ప్రతిదినము విపరీతముగా త్రాగేవాడు హఠాత్తుగా మానితే ఒకటి రెండు దినములలో మూర్ఛలు రావచ్చును. రెండు మూడు దినములకు మతి తప్పి, లేనివి కనిపించి, జ్వరము, చెమటలతో ప్రాణము మీదికి రావచ్చును. ఇట్టివానిని గదిలో పెట్టి గొళ్లెము వేయుట ఎంత ప్రమాదమో చూడండి. ఆసుపత్రిలో అయితే తగిన మందులతో, థయమిన్ అనే విటమిను ఇచ్చి, నాలుగైదు దినములలో ఈ గండమును దాటిస్తారు.

నాలుగవది, ఒకసారి బాగుపడి మరల జారినవానిని చూచి ఇక వీడు బాగుపడడని చేతులు దులిపివేసికొనుట. చికిత్స పొందినవారిలో సగముమందివరకు ఒకసారియైన జారుట సహజమని వైద్యుల అనుభవము. చక్కెరవ్యాధి మందుతో అదుపులో ఉండి, పండుగ మరునాడు పెరిగితే మనము రోగిని తిట్టము. మరల డాక్టరు దగ్గరకు తీసికొని పోతాము. ఇక్కడను చేయవలసినది అదియే.

చికిత్స అంటే ఏమి? శరీరమునుండి విషము దిగుటకు కొన్ని దినములు. కోరికను తగ్గించే మందులు కొన్ని నెలలు. ఎందుకు త్రాగుతున్నాడో, ఎవరితో కూర్చుంటే త్రాగుతున్నాడో తెలిసికొని, ఆ దారి మళ్లించే సలహాలు చాలకాలము. నల్లమందు జాతికి చెందిన మత్తులకు బుప్రెనార్ఫిన్ వంటి మందులు ఉన్నవి. చెన్నపట్టణములో 1980లో శాంతి రంగనాథన్‌గారు నెలకొల్పిన టి.టి.రంగనాథన్ సంస్థ కుటుంబ సభ్యులను కూడ కూర్చోబెట్టి సలహా చెప్పే పద్ధతిని మన దేశములో చూపినది. ఎందుకంటే త్రాగినవానితోపాటు ఇల్లంతా జబ్బుపడి ఉంటుంది.

ఇందుకు మొదటి అడుగు కష్టమైనది కాదు. కేంద్ర ప్రభుత్వమువారి మత్తు విముక్తి సహాయ నంబరు 14446. మనస్సుకు సంబంధించిన ఏ బాధకైనను టెలి మానస్ నంబరు 14416. ఇది 2022 అక్టోబరునుండి పనిచేస్తున్నది, తెలుగులో మాట్లాడవచ్చును. పొగాకు మానదలచినవారికి 1800-11-2356. గంజాయి అమ్మకము గురించి తెలియజేయుటకు రాష్ట్రములో 2024లో ఏర్పడిన ఈగల్ విభాగపు నంబరు 1972. వీటికి రుసుము లేదు. రేడియో ప్రక్కనే, గోడమీద ఈ నాలుగు నంబర్లను పెద్ద అక్షరములతో వ్రాసి పెట్టండి. ఇంటిలో ఎవరికి అవసరమగునో ముందుగా తెలియదు. చాటుగా చూచి తానే ఫోను చేసేవాడు కూడ ఉండవచ్చును.

దోషము లేదని మేము చెప్పుట లేదు. త్రాగి భార్యను కొట్టినవాని చేతికి బాధ్యత ఉన్నది. గంజాయి సంచి అమ్మినవానికి శిక్ష ఉన్నది. మొదటి గ్లాసు ఎత్తుట మనిషి ఇష్టము. కాని వేయవ గ్లాసు దగ్గరకు వచ్చుసరికి ఆ ఇష్టము చాలవరకు అతని చేతిలో ఉండదు. పోయిన ఇష్టమును తిరిగి తెచ్చుకొనుటకే చికిత్స. అందుకు అతనికి కావలసినది తెల్లవారుజామున, ఇంకా త్రాగకముందు, కోపము లేకుండా ఒకరు ప్రక్కన కూర్చుని "పద, ఆసుపత్రికి పోదాము, నేనూ వస్తాను" అనుట. ఆ మాట అనగలవారు ప్రతి ఇంటిలో ఒకరైనను ఉంటారు. ఆ ఒక్కరు ఈ ప్రసంగమును విన్నవారిలో, చదివినవారిలో కూడ ఉండవచ్చును. వారు రేపటికి వాయిదా వేయకుందురు గాక.